భుజం మీద సైకిలు

లక్ష్మీప్రసాద్ అనే ఆయన విశాఖపట్నంలో సైకిళ్లు తయారుచేస్తాడట. మా ఆయన ధర్మ, చింతపల్లి నుంచి మా కొండకి జీపు నడుపుతాడు. ఒకరోజు ఆ జీపులోనే లక్ష్మీప్రసాద్‌నీ, కొత్త సైకిలునీ తెచ్చి మా వాకిట్లో దింపాడు.

"ఓ వారం తొక్కండమ్మా. మట్టిదారుల్లో ఎలా పోతోందో చెప్తే చాలు," అన్నాడు లక్ష్మీప్రసాద్.

ఇంతమంది మగాళ్లుండగా నాకే ఎందుకని అడిగాను. చిన్నప్పుడు బడికి సైకిలు మీదే వెళ్లేదాన్నని ధర్మ చెప్పాడట. జవాబులన్నీ ముందే సిద్ధం చేసుకొచ్చినట్టు తడుముకోకుండా చెప్పాడు లక్ష్మీప్రసాద్.

సైకిలు చూశాక అనుమానం ఇంకా పెరిగింది. సన్నటి స్టీలు పైపులు, ముదురాకుపచ్చ రంగు, తోలు సీటు. దూరం నుంచి పాతకాలపు పోస్టుమాన్‌ది అనుకుంటాం, దగ్గరికెళ్తే కొత్త పెయింటు వాసన. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగి ఉంది. కొత్తదాన్ని పాతదానిలా కనిపించేట్టు చేసేవాడు ఇంకేం దాస్తాడో అనుకున్నాను. హ్యాండిల్ మధ్యలో అగ్గిపెట్టెంత యంత్రం బిగించి ఉంది. మీరు ఏ దారిలో తిరిగారో ఇది రాసుకుంటుందన్నాడు, అదేదో మంచి విషయమైనట్టు.

పక్కకొండకి ఇలాగే ఒకాయన సరదాగా కొండలెక్కడానికని వచ్చాడు. ఊరివాళ్లు ముచ్చటపడి ఊట దాకా తీసుకెళ్లి చూపించారు. ఏడాది తిరక్కుండా ఆ ఊటకి నల్లపైపు పడింది, కింద రిసార్టులో ఈతకొలను నిండింది. ఇప్పుడా ఊరి ఆడవాళ్లు బిందెలతో మా గెడ్డవాగుకొస్తున్నారు. మా గెడ్డకి నీళ్లిచ్చే ఊట ఎక్కడుందో బయటివాళ్లకి తెలియదు. తెలియకూడదు.

"అందర్నీ అనుమానిత్తే ఎలాగే? ఆయన మంచోడు," అన్నాడు ధర్మ.

"ఆ కొండోలు కూడా అలాగే అనుకున్నారు," అన్నాను.

తప్పు పట్టడానికే ఎక్కాను. సీటు గట్టిగా ఉంది, ఒక తప్పు. హ్యాండిల్ పట్టుకుంటే కలుపు తీస్తున్నట్టు వంగాలి, రెండో తప్పు. ఆ తర్వాత తప్పులు దొరకలేదు. బడి రోజుల్లో సైకిలు దిగి తోసుకెళ్లిన కాఫీతోటల ఎగువని ఇప్పుడు సీటు మీద కూర్చునే ఎక్కేశాను. గులకరాళ్ల మీద పోతుంటే చేతులు అదరలేదు. దిగుడులో రెండు వేళ్లతో బ్రేకు పడితే బుద్ధిగా ఆగింది. మిరియాల తీగల మధ్య ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. వెంటనే నోరు మూసుకున్నాను. ఇంత హాయి ఎవరైనా ఊరికే ఇస్తారా?

ఆ వారం ఊటలో ఆకులు తీసే వంతు నాది. సైకిలు దారి పక్కన వదిలేస్తే ఎవరెత్తుకుపోతారోనని భయం. కొండదేవత రాయి దాటాక చెప్పులేసుకోకూడదు, చక్రం దొర్లకూడదు. అది మా కట్టుబాటు. చెప్పులు విప్పి, సైకిలు భుజానికెత్తుకుని నడిచాను. చక్రం తిరగకపోతే యంత్రం ఏం రాస్తుంది? అమ్మవారు ఎంత ముందుచూపుతో పెట్టిందో ఈ కట్టుబాటు అని మురిసిపోయాను కూడా.

వారం తర్వాత లక్ష్మీప్రసాద్ వచ్చి ఫోను చూపించాడు. ఎర్రగీత ఒకటి రాయి దాటి, తిన్నగా ఊట దగ్గరికెళ్లి ఆగింది.

"ఇక్కడ బాగా నెమ్మదించారే. నడిచారా?"

"సెక్రం తిరగనేదు గదా బాబూ!"

"దానికి చక్రంతో పనిలేదమ్మా. ఉపగ్రహం చూసి చెప్తుంది."

పక్కకొండవాళ్లని ఎన్ని మాటలన్నాను! వాళ్లు వెంట నడిచి చూపించారు, నేను మోసుకెళ్లి మరీ చూపించాను. నా ముఖం చూసి ఆయన, ఇది ఎవరికీ ఇవ్వనమ్మా అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. నేను నమ్మలేదు.

"ఇంకో వారం ఉంచండి బాబూ. నాకింకా సరిగా తెలీనేదు," అన్నాను.

ఆ వారమంతా పొద్దున్నే బయల్దేరాను. తొక్కగలిగినచోట తొక్కాను, లేనిచోట భుజానికెత్తుకున్నాను. ఎండిన వాగుల్లోకి, గుడ్డి గుహల్లోకి, ఎలుగుబంట్లు కూడా వెళ్లని బండల మీదికి మోసుకెళ్లాను. ప్రతిచోటా ఊట దగ్గర ఆగినంతసేపు ఆగాను. ముళ్లు గీరుకుపోయిన నా కాళ్లు చూసి ధర్మ నోరెళ్లబెట్టాడు.

"ఏటి సేత్తన్నావే నువ్వు?"

"సైకిలు తొక్కుతన్నాను," అన్నాను.

లక్ష్మీప్రసాద్ మళ్లీ వచ్చి ఫోను తెరిచాడు. ఏది ఏ వారానిదో తెలియకుండా రెండు వారాల గీతలూ కలిసిపోయాయి. కొండంతా కోడి కెలికినట్టుంది. ఫోను అటూ ఇటూ తిప్పాడు, వేళ్లతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు.

"ఇందులో అసలు దారి ఏదమ్మా?"

"అన్నీ దారులే బాబూ."

ఫోను మీంచి తలెత్తి నన్ను చూశాడు. ఈసారి అనుమానం ఆయన కళ్లలో ఉంది. చివరికి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ, సైకిలు ఎలా ఉందో చెప్పండి."

"శానా మంచిది బాబూ," అన్నాను. "మొయ్యడానికి ఎంత తేలికో!"