అణియం కట్టిన బండి

తెల్లారేసరికి రేవులో చేపల గంపలు బండెక్కేస్తాయి. ఐసు డబ్బాల మీద గోనెలు పరుచుకుని పెద్దింట్లమ్మ, సూరమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటారు. పెద్దింట్లమ్మ కూతురు సత్యవాణి టైర్లన్నీ కాలితో తన్ని చూసుకుని స్టీరింగ్ పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి భీమవరం మార్కెట్టుకి. అక్కడ చందువా చేపకైనా మాగ చేపకైనా ధర చెప్పేది వీళ్ళే. ఆ ఒక్క సుఖం కోసమే ఈ పికప్పు బండి.

నిరుడు రొయ్యల కంపెనీ వాళ్ళు చెరువులు తవ్వుతూ రేవు రోడ్డుకి అడ్డంగా ఇనుప గేటు పెట్టారు. తాతలనాటి రోడ్డు. అడగబోతే పై ఆఫీసుల్లో "చూస్తాం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. అప్పట్నుంచీ బండి కాలవ గట్టు మీదుగా ఊళ్ళన్నీ చుట్టి పోవాలి. వచ్చిందంతా డీజిలే తాగేస్తోంది. రేవులో మిగతా బళ్ళకీ అవే పాట్లు. కంపెనీ మేనేజరు ప్రసన్నకుమార్ మాత్రం రోజూ రేవులో కాటా పెట్టుకుని మర్యాదగా నిలబడతాడు.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? ఇక్కడే మాకు తూచేయండి. ధర సంగతి మేం చూసుకుంటాం కదండీ."

"వల వేసేది మావాళ్ళు, ధర కట్టేది మీరా?" అంది సత్యవాణి. "శ్రమ మాది, పెత్తనం మీదా? సాగదు!"

"నీ నినాదాలు ట్యాంకులో పోస్తే బండి నడిచేటట్టయితే రోజూ బిందెడు పోద్దునే," అంది పెద్దింట్లమ్మ. "ఈ నెల కూడా ఇలాగే ఉందంటే బండి అమ్మేయడమే. అప్పుడు ఈయన కాటా ముందు చేతులు కట్టుకుని నిలబడాలి, అంతే."

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన పిల్లకి ఆ మాట గుచ్చుకుంది. బండి నెత్తిమీది క్యారియరు ఊడబెరికింది. పక్కలనున్న ఇనుప చట్రాలు కోయించి వెదురు కట్టింది. టైర్లలో గాలి సరిచేయించింది. గంపల మీద టార్పాలిన్ డోలు చర్మంలా బిగించింది. లీటరుకి ఓ కిలోమీటరు పెరిగింది. చాల్లేదు.

"దీని మొహమే గోడలా ఉందమ్మా. గాలిని కోసుకుపోవాల్సింది పోయి గాలితో కుస్తీ పడుతోంది."

అంటూనే ఇసకలో బోర్లించిన తండ్రి పడవకేసి చూసింది. త్రిమూర్తులు పోయాక దాన్నెవరూ కదపలేదు. తల్లి ఆ చూపు పట్టేసింది.

"దాని జోలికెళ్ళావంటే కాళ్ళిరగ్గొడతా."

"ముందు కొస ఒక్కటేనే అమ్మా. అణియం."

పెద్దింట్లమ్మ వెళ్ళి పడవ మీది ఇసకంతా కొంగుతో దులిపింది. తర్వాత ఇంట్లోంచి రంపం తెచ్చి కూతురి ముందు పడేసింది. "నెమ్మదిగా కొయ్యి. చెక్క చీలిందంటే మీ నాన్న ఊరుకోడు."

భీమవరంలో వెల్డింగు చేసే అచ్చిబాబు, రేడియేటరుకి గాలాడేలా సందు వదిలి అణియాన్ని బంపరుకి బిగించాడు. పెద్దింట్లమ్మ దానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

బండి కదిలింది. అణియానికి రోడ్డంటే ఏంటో తెలీదు. పుట్టి బుద్ధెరిగి చూసింది నీళ్ళే. తారు రోడ్డు రెండుగా చీలి, చెరో పక్కా అలలు లేపుకుంటూ దారిచ్చింది. టీకొట్టు వాడు బెంచీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. స్కూటర్ల మీద పోయేవాళ్ళు అల వచ్చినప్పుడల్లా కాళ్ళు పైకెత్తుకున్నారు. "మెల్లగా పోనీమ్మా, యూనిఫారం తడుస్తోంది," అని ట్రాఫిక్ కానిస్టేబులు విసుక్కున్నాడు. వారం తిరిగేసరికి మైలేజీ లీటరుకి ముప్ఫై దాటింది.

"టైర్లు కూడా అరగవులే," అన్నాడు అచ్చిబాబు.

రేవులో ప్రసన్నకుమార్ కాటా ఖాళీగా ఊగింది. ఒక పొద్దున అతను అదే మర్యాదతో చెప్పాడు. "గట్టు రోడ్డు కూడా మా లీజులో కలిసిందండి. ఈరోజు నుంచి అటూ గేటేనండి. ఎండెక్కితే చేప పాడైపోద్ది, తెచ్చేయండి మరి."

సూరమ్మ గంప దించబోయింది. "ఏం చేస్తాం వదినా. ఐసు కరిగిపోతోంది."

"దించకత్తా!"

సత్యవాణికి నోటినిండా నినాదాలున్నాయి. ఒక్కటీ అనలేదు. ఆడవాళ్ళు ఎక్కగానే బండిని పాత రోడ్డు మీదికి, మొదటి గేటు మీదికి తిప్పింది.

అక్కడ కాపలా ఉండే అబ్బులు ఈ రేవువాడే. కుర్చీలోంచి చేతులూపాడు. "ఆపక్కా! నా ఉద్యోగం పోద్దక్కా!"

ఆమె బండి ఆపలేదు, ఇంజనాపింది. చప్పుడు లేకుండా బండి జారింది. అణియం కింద రోడ్డు చీలి, అల ముందుకు పరిగెత్తి గేటు స్తంభాల మొదళ్ళు తడిపింది. సిమెంటులో పాతిన స్తంభాలు ఒండ్రులో గుంజల్లా ఊగాయి, ఊడాయి. గేటు తాళంతో సహా వెల్లకిలా పడి, తేలుకుంటూ పక్కనున్న రొయ్యల చెరువులోకి పోయింది. కుర్చీతో పాటు అబ్బులూ తేలుతూ బండి పక్కకొచ్చాడు.

"ఇంక కాయడానికేముంది ఇక్కడ," అన్నాడు. "చోటుంటే నన్నూ ఎక్కించుకోండి."

"రారా. గంపలెత్తడానికి మనిషి లేక చస్తున్నాం," అని సూరమ్మ చెయ్యిచ్చి లాగింది.

ప్రసన్నకుమార్ మోటారుసైకిలు మీద తరుముకొచ్చి, రోడ్డు ఇంకా సద్దుమణగని చోట ఆగిపోయాడు. ప్యాంటు మడిచి ఓ కాలు పెట్టాడు. మోకాలిదాకా దిగబడింది. వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా, ఆగండమ్మా! నాకు ఈత రాదండి!"

పెద్దింట్లమ్మ టార్పాలిన్ లోంచి తల బయటపెట్టింది. "సముద్రం పక్కన వ్యాపారం పెట్టి ఈత నేర్చుకోలేదేంటి బాబూ!" తర్వాత కూతురితో, "పోనీవే. బేరాలు మొదలయ్యే వేళయింది," అంది.

సత్యవాణి పోనిచ్చింది. అద్దంలో చూస్తే, రేవులో మిగతా బళ్ళు ఒక్కొక్కటే స్టార్టయి వచ్చి, ప్రసన్నకుమార్‌ని పక్కకి తప్పుకోమని హారన్లు కొడుతున్నాయి.