తలుపు వెనక తెల్లకోటు

సుద్దముక్క అరిగి గోరు బోర్డును గీరేదాకా ఆమె చెప్పడం ఆపలేదు. పొద్దుటి నుంచి ఇది మూడో క్లాసు. నీలం కోటు కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లబడింది.

ఆ కోటును ప్రయోగశాల గుమ్మం బయటే విప్పి, చేతులు కడుక్కుని, తలుపు వెనక మేకుకున్న తెల్లకోటు తొడుక్కోవడం ఏళ్ల అలవాటు. లోపల గాజుపాత్రలో, దారానికి వేలాడుతూ ఒకే ఒక్క స్ఫటికం నెలల తరబడి పెరుగుతోంది. సుద్ద నలుసు పడితే చాలు, ద్రావణం నిండా పిల్ల స్ఫటికాలు పుట్టి దాన్ని పాడుచేస్తాయి.

"నా మనవరాలు ఎంతయిందే?" అని ఆ స్ఫటికం గురించే అమ్మ రోజూ ఫోనులో అడుగుతుంది.

"బొటనవేలి గోరంత అయిందమ్మా" అని నిన్న చెప్పింది.

ఈ సాయంత్రం శాఖాధిపతి చూడటానికి వస్తాడు. స్ఫటికం మచ్చలేకుండా ఉంటే ఈ గది మరో ఏడాది ఆమెది. లేదంటే పరిశోధన కట్టిపెట్టి వట్టి క్లాసులే.

గుమ్మం దగ్గరికి వెనక బెంచీ అమ్మాయి వచ్చింది.

"మేడమ్, ఆ చివరి మెట్టు అర్థం కాలేదండి."

"క్లాసులో నోరు పెగల్లేదా?"

"అడిగితే నవ్వుతారండి."

ఆమె నవ్వలేదు. జేబులోంచి సుద్ద తీసి తలుపు మీదే లెక్క మొదటి నుంచి చేసింది. అమ్మాయి ముఖం తేటపడేసరికి గంట మోగింది. ఇంకో క్లాసు. ఒక్కసారి చూసి వెళ్దామని లోపలికి పరుగెత్తి, మూత ఎత్తి, స్ఫటికం బాగానే ఉందని చూసి, మూసి వెళ్లిపోయింది.

నాలుగో క్లాసులో బోర్డు తుడవబోతూ తన మోచేతిని చూసుకుంది. నీలం కోటు. మాట సగంలో ఆగింది. ముందు వరస పిల్లలు తలలెత్తారు. గొంతు సవరించుకుని మిగతా పాఠం చెప్పింది. అయినా ఒక్క మెట్టూ వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి పాత్ర అడుగున ఇసక పోసినట్టుంది. స్ఫటికం ఒళ్లంతా తెల్లటి గరుకు.

శాఖాధిపతి వంగి చూశాడు. "ఎలా జరిగిందమ్మా?"

"నా చేత్తోనే అండి."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను."

"రెండూ ఎక్కించింది మీరే కదండీ."

ఆమె తాళంచెవి బల్లమీద పెట్టి, నీలం కోటుతోనే బయటికి నడిచింది.

తలుపు వెనక మేకుకు తెల్లకోటు వేలాడుతోంది. పొద్దున పెట్టిన ఇస్త్రీ మడత చేతుల మీద ఇంకా చెదరలేదు.