కెజియా మాట విన్న మాస్క్

నేను ఒక ఇనుప జల్లెడని. పిండి జల్లించే రకం కాదు లెండి, ఫెన్సింగ్ ఆడేవాళ్లు ముఖానికి తొడుక్కునే మాస్క్‌ని. మీరట్‌లో ఒక కార్ఖానాలో తీగలు అల్లి, గుమ్మటంలా వంచి, గడ్డం కింద తెల్లగుడ్డ కుట్టి నన్ను లోకం మీదికి వదిలారు. కత్తిమొన కంట్లో గుచ్చుకోకుండా కాపాడటం నా ఉద్యోగం. నా అసలు పని మాత్రం వినడం. నన్ను తొడుక్కోగానే మనిషికి తన మాట ఎవరికీ వినబడదన్న ధైర్యం వచ్చేస్తుంది, ఇక గొణుగుడు మొదలు.

నా మొదటి యజమాని ఓ ఇంజనీరింగ్ కుర్రాడు. పాయింటు పోయినప్పుడల్లా రెఫరీ ఏడు తరాలనూ నాలోనే తిట్టేవాడు. నాకు వచ్చిన బూతులన్నీ అతని భిక్షే. ఉద్యోగం రాగానే నన్ను కాకినాడలో పేర్రాజు మాస్టారి క్లబ్బుకి ఇచ్చేసి వెళ్లిపోయాడు. అక్కడ నేను కెజియాకి దొరికాను.

జగన్నాథపురం పిల్ల. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది, నా గడ్డం గుడ్డ చిరిగితే ఆవిడే కుట్టి పెట్టింది. పిల్ల పాదరసమే, గొణుగుడే బాగోదు. పోయినేడు రాష్ట్ర పోటీల్లో పద్నాలుగు - పదకొండు మీద ఉంది. పదిహేను కొడితే గెలుపు, జాతీయ పోటీలకి చోటు. అప్పుడు నాలో మొదలుపెట్టింది: "ఇంకొక్కటే, ఇంకొక్కటే." ఆ ఒక్కటీ లెక్కపెట్టుకుంటూ చెయ్యి చాపడం మర్చిపోయింది. అవతలి పిల్ల వరసగా నాలుగు కొట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నా లోపలంతా ఉప్పునీళ్లే.

పేర్రాజు మాస్టారు ఓదార్చలేదు. నాలో ఏమని గొణిగిందో అడిగి చెప్పించుకున్నారు.

"గెలుపు ఎక్కడుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. నీ చెయ్యెక్కడుందో తెలుసు కదా. దాన్ని చాపమ్మా," అన్నారు.

అప్పట్నుంచి ఏడాదంతా ఒకటే సాధన. ప్రతి పాయింటు తర్వాతా ఆట మొదలెట్టే గీత దగ్గరికి నడిచి రావాలి. స్కోరు బోర్డు చూడకూడదు. వెనక మడమ రెండుసార్లు నేలకి తట్టి, ఊపిరి పూర్తిగా వదిలి, ఒకే ఒక్క మాట అనుకోవాలి: "చెయ్యి." ఆ మాట ఎన్ని వేలసార్లు విన్నానో! నిద్రలో లేపినా చెప్పగలను.

అయితే కెజియా మరో చాదస్తం కూడా పెంచుకుంది. నన్ను ఎప్పుడూ ఎడమ చెవి వైపు నుంచే తొడిగేది, తొడిగే ముందు నుదుటికి ఆనించుకునేది. అదృష్టమంతా నాలోనే ఉందని నమ్మింది. అబద్ధమెందుకు, నేనూ నమ్మాను. పొగిడితే ఇనుము మాత్రం ఉబ్బదా?

ఈ ఏడాది పోటీలు వచ్చాయి. జూనియర్లలో ఆమెకిదే ఆఖరి అవకాశం, జాతీయ పోటీలకి మొదటి నలుగురికే చోటు. పొద్దున్నే సామాను తనిఖీ. ఒకాయన స్ప్రింగు సూదితో నా నుదుటి మీద గట్టిగా నొక్కాడు. ముసలి తీగలు కదా, లోపలికి వంగిపోయాయి. ఆటకి పనికొస్తుందన్న ముద్ర వెయ్యనన్నాడు.

కెజియా నన్ను పట్టుకుని మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. "మాస్టారూ, అది లేకపోతే నేనాడలేనండి," అంది.

"మాట నువ్వు నేర్చుకున్నావా, మాస్క్ నేర్చుకుందా?" అన్నారు ఆయన, అంతే. ఎవరిదో మాస్క్ అరువు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, నన్ను తన ఒళ్లో పెట్టుకున్నారు.

ఎన్నాళ్లకో మొదటిసారి ఆమె ఆటని బయటినుంచి చూశాను. ఒక్కొక్కరినీ దాటుకుంటూ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చేసింది. ఇది గెలిస్తే ఆ నలుగురిలో ఉన్నట్టే. నిజం చెప్పొద్దూ, నాకు కడుపు మండింది. నేను లేకుండా ఇంత బాగా ఎలా ఆడుతోంది? కాస్త తడబడితే నా విలువ తెలుస్తుంది కదా అని కూడా అనుకున్నాను. అనుకున్నట్టే తడబడింది. పద్నాలుగు - పదకొండు కాస్తా పద్నాలుగు - పద్నాలుగు అయింది. అప్పుడు నాకే సిగ్గేసింది. మాస్టారి వేళ్లు నా తీగల్ని పట్టుకుని బిగుసుకున్నాయి. ఆయనకీ భయమేనన్నమాట.

కెజియా గీత దగ్గరికి నడిచొచ్చింది. బోర్డు వైపు చూడలేదు. మడమ ఒకసారి తట్టింది, రెండోసారి తట్టింది. అరువు మాస్క్ కింది గుడ్డ ఊపిరికి ఒక్కసారి ఊగి ఆగింది. లోపల ఏమన్నదో నాకు వినబడలేదు. రెఫరీ కేక వేశాడు. చెయ్యి ముందుకు సాగింది, దాని వెనకే కాలు. కత్తి తగిలిందని చెప్పే దీపం ఆమె వైపే వెలిగింది.

మాస్టారు నన్ను కింద పడేసి పరుగెత్తారు. నేనది పట్టించుకోలేదు, నాకు అంత సంతోషంగా ఉంది.

ఇప్పుడు నేను క్లబ్బులో ఒక కర్ర బొమ్మకి తలని. కత్తి గురి నేర్చుకునేవాళ్లంతా నన్నే పొడుస్తారు. జాతీయ పోటీల్లో రెండో రౌండులో ఓడి వచ్చిన మర్నాడే కెజియా నా ఎదురుగా నిలబడింది. బొమ్మతో ఆటకి మాస్క్ అక్కర్లేదు కదా, అందుకే ముఖం కనిపిస్తోంది. మడమ రెండుసార్లు తట్టింది. ఏడాదంతా చీకట్లో విన్న మాట ఆమె పెదవుల మీద కదలడం మొదటిసారి చూశాను. చూస్తుండగానే కత్తిమొన వచ్చి సరిగ్గా నా నుదుటి సొట్టలో తగిలింది.

గట్టిగానే తగిలింది. ఇంకోసారి కొట్టమ్మా అనుకున్నాను.