పొడి ముఖం

ఇంట్లో ఆమెను కంగారు అని పిలుస్తారు. పెళ్ళైన కొత్తలో పాలు పొంగుతుంటే పొయ్యి కట్టేయడం మానేసి వీధిలోకి పరుగెత్తిందని భర్త పెట్టిన పేరది. పాప పుట్టాక ఆ పేరుకి ఇంకో అర్థం కూడా కుదిరిందని అతను మురిసిపోయాడు. "పొట్టకి పిల్లని కట్టుకుని తిరిగే జంతువు పేరేంటి? కంగారూనే కదా. నేను ముందుచూపుతో పెట్టాను," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా చీకటి గోతిలో ఇనుప తాళ్ళ పక్కన వేలాడే మనిషికి ఇంటికొచ్చాక ప్రతిదీ తేలిగ్గానే కనిపిస్తుంది.

ఆమెకి అలా కనిపించదు. పాప ఎక్కువసేపు నిద్రపోయినా భయమే, నిద్రపోకపోయినా భయమే. ఆ భయాలు చాలవన్నట్టు ముఖం మీద మొటిమలు మొదలయ్యాయి. చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది. తోటి ఆడపిల్లలు అద్దాల ముందు గిల్లుకునే వయసులో ఆమె ముఖం నున్నగా ఉండేది. అప్పుడు రానివన్నీ ఇప్పుడొచ్చి హాజరు వేయించుకుంటున్నాయి. మొదట గడ్డం మీద, తర్వాత దవడల వెంట, ఆ తర్వాత బుగ్గల మీద, ఎర్రగా, గట్టిగా, దిండుకి తగిలినా సలుపుతూ.

పక్క వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరక్క, పెదాల మధ్య గుండుసూదులు తియ్యకుండానే సలహా చెప్పింది. "టూత్‌పేస్టు పెట్టి పడుకో. తెల్లారేసరికి మాడి రాలిపోతాయి."

ఆ రాత్రి భర్త ఆమె ముఖం చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. "ఏంటిది, మొటిమలకి పళ్ళొచ్చాయా?"

"మీకు అన్నీ నవ్వులాటే."

"నవ్వట్లేదు. బ్రష్షు కూడా తెమ్మంటావేమోనని అడుగుతున్నా."

మొటిమలు మాడలేదు, చుట్టూ ఉన్న చర్మం మాత్రం పొరలు పొరలుగా లేచింది. దాని మీద నిమ్మరసం రాస్తే మంచిదని మళ్ళీ టైలరక్కే చెప్పింది. రాసుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే ఫ్యాను కింద నిలబడింది. స్కూలు బస్సులో ఆయాగా పనిచేసే అత్త మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆ అవతారం చూసింది. బస్సు నిండా పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే మనిషి ఆవిడ. కేక వెయ్యలేదు గానీ, చెప్పులు విప్పకుండానే, "పద, చర్మం డాక్టరు దగ్గరికి. ఇంక ఈ ముఖం మీద వంట ప్రయోగాలు చాలు," అంది.

డాక్టరమ్మ మంచిదే. కాకపోతే తొందర మనిషి. బయట బెంచీ మీద జనం, లోపల పాప గుక్కపట్టి ఏడుపు. అత్త పక్కనే ఉన్నా కంగారు పాపని తనే భుజం మీద వేసుకుని ఊపుతూ, చెవి అటు, మనసు ఇటు పెట్టి వింది. డాక్టరమ్మ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. కాన్పు తర్వాత ఒంట్లో మార్పులకి ఇలా రావడం మామూలేనంది. ఘాటు లేని సబ్బు వాడమంది, గిల్లొద్దంది, జుట్టుకి పెట్టిన నూనె నుదుటి మీదకి జారకుండా చూసుకోమంది. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందేనని ఒక ట్యూబు రాసింది. చివర్లో, పెన్ను మూత పెడుతూ చెప్పింది. "ముఖం కడుక్కుని, పొడి ముఖానికి పలచగా రాయండి. పాపకి అంటనివ్వకండి."

రెండు మాటలూ ఆమె మనసులో మేకుల్లా దిగాయి.

పొడి ముఖం. అంటే పౌడరు వేసుకున్న ముఖం. ఒట్టి చర్మం మీద రాస్తే మందు మండుతుంది కాబోలు, కింద ఒక పూత ఉండాలన్నమాట. నిమ్మరసం మంట తిన్న మనిషికి అది సబబుగానే తోచింది.

రెండో మాట ఇంకా లోతుగా దిగింది. పాపకి అంటనివ్వకండి. అంటే ఇది అంటుకునే జబ్బు. డాక్టరమ్మ అంత మెల్లగా, మామూలు మాటలా చెప్పిందంటే తల్లి భయపడకూడదనే అయ్యుంటుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పనులు మొదలయ్యాయి. రాత్రి పాప పడుకున్నాక కంగారు ముఖం కడుక్కుని, పాప పౌడరు డబ్బా తీసి దూదితో ముఖమంతా అద్దుకునేది. దాని మీద మందు రాస్తే అది పౌడరుతో కలిసి పిండి ముద్దలా ఉండలు కట్టేది. పలచగా రాయమన్నారు గదా అని ఓపిగ్గా వేలితో సాగదీసేది. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచిన అత్త, గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "గోడకి సున్నం కొట్టినట్టుంది," అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఆ మాటలో ఏదో పుల్లవిరుపు ఉందనిపించింది గానీ, కంగారు తిరిగి అడగలేదు.

రెండో పని కష్టమైనది. పాపకి ముఖం తగలకుండా చూసుకోవడం.

పాలిచ్చేటప్పుడు మెడ వెనక్కి వాల్చి గోడకేసి చూసేది. ఎత్తుకుంటే పాప ముఖం బయటికి ఉండేలా తిప్పి ఎత్తుకునేది. అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చిన పాపకి తల్లి బుగ్గ పట్టుకుని నోటితో చప్పరించడం అలవాటు. చేతులు చాచి వచ్చేది. కంగారు ఆ చేతుల్ని గాల్లోనే పట్టుకుని, వేళ్ళు ముద్దుపెట్టుకుందామని దగ్గరికి తెచ్చుకుని, గుర్తొచ్చి వదిలేసేది. కొన్నాళ్ళకి పాప చేతులు చాచడం తగ్గించింది. నిద్రొస్తే నానమ్మ వైపు పాకేది. అత్త ఎత్తుకోగానే ఆవిడ బుగ్గకి బుగ్గ ఆనించి, అక్కడే కళ్ళు మూసేది.

అది చూసి కంగారు వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

ముఖం మాత్రం బాగుపడలేదు. కొత్తగా నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, ఆవాలు చల్లినట్టు. మందు పనిచెయ్యాలంటే నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పిన మాటే పట్టుకుని ఆమె ఓపిక పట్టింది. ఒక రోజు పొద్దున పాపకి స్నానం చేయించి కిటికీ దగ్గర తుడుస్తుంటే, పాప ఎడమ బుగ్గ మీద ఎర్రగా గుంపుగా పొక్కులు కనిపించాయి.

తువ్వాలు చేతిలోంచి జారింది. ఏడుపు రాలేదు. పాపని వెలుతురుకి ఇంకాస్త దగ్గరగా జరిపి మళ్ళీ చూసింది.

"ఏవండీ, అంటించేశాను," అంది.

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్త వచ్చి చూశాడు. "ఏంటి అంటించింది? దోమ కుట్టుంటుంది."

"దోమ కాదు. నా ముఖమే. ఎంత జాగ్రత్తగా ఉన్నా నిద్రలో తగిలుంటుంది."

ఈసారి అతను హాస్యమాడలేదు. ఆమె ముఖం చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, ఇవాళ బస్సుకి సెలవు చెప్పగలవా?" అని అడిగాడు.

డాక్టరమ్మ గదిలో కాడకి బిగించిన భూతద్దం, దాని చుట్టూ తెల్లటి దీపం. ముందు పాపని చూసింది. బుగ్గ పక్కకి లాగి, మెడ మడతలు చూసి, చుబుకం కింద వేలు పెట్టింది. పాప నోట్లోంచి సొల్లు ఆ వేలి మీదకి సాగింది.

"పళ్ళొస్తున్నట్టున్నాయి. సొల్లు కారి బుగ్గ తడిగా ఉండి, అటే ఒత్తిగిలి పడుకుంటే ఇలా ఒరుసుకుంటుంది. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. తగ్గిపోతుంది."

"నా ముఖం నుంచి అంటింది కాదాండీ?" కంగారు గొంతు తనకే వినపడలేదు. ఇంకోసారి అడగాల్సి వచ్చింది.

"మొటిమలు అంటుకోవమ్మా. ఎవరు చెప్పారు?"

"మీరేనండీ. పాపకి అంటనివ్వకండి అన్నారు."

డాక్టరమ్మ పాపని చూడడం ఆపి తలెత్తింది. "మందు," అంది. "మందు పాపకి అంటనివ్వకండి అన్నాను. పసిపిల్లల చర్మానికి పడదని. మందు అనే మాట మింగేశానేమో." తర్వాత దీపం ఆమె వైపు తిప్పి, నుదురు చూసి కనుబొమలు ముడిచింది. "ఇవి వేరే. రంధ్రాలు మూసుకుపోయి వచ్చాయి. మందు ఎలా రాస్తున్నావు? నాకు చేసి చూపించు."

కంగారు పాప సంచీ తెరిచింది. గుడ్డలు, సీసా, వాటి కింద నుంచి పౌడరు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. దూది తీసింది. డబ్బా మూత తిప్పబోతుంటే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇదెందుకు?"

"పొడి ముఖానికి రాయమన్నారు కదండీ."

డాక్టరమ్మకి నవ్వు వచ్చింది, కానీ ఆమె ముఖం చూసి ఆపుకుంది. "పొడి అంటే తడి లేకుండా అని. తుడుచుకున్నాక. పౌడరు మీద మందు రాస్తే లోపలికి దిగదమ్మా, పైగా ఆ పిండంతా రంధ్రాల్లో కూరుకుంది."

కంగారు గబగబా డబ్బాని సంచీలో గుడ్డల కిందకి తోసేసింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. పక్కన అత్త కుర్చీలో అటూ ఇటూ కదిలింది.

"నాకు అర్థమైందే," అంది అత్త మెల్లగా. "పొడి అంటే తడి లేనిదని నేను అప్పుడే అనుకున్నా."

"మరి చెప్పలేదేం అత్తయ్యా? రోజూ చూస్తున్నారు కదా నేను పౌడరు వేసుకోవడం."

"షోకు అనుకున్నానే. రాత్రిపూట ముస్తాబేంటి, మొగుడు ఇంటికొచ్చే వేళకి కాబోలు, మనకెందుకులే అనుకున్నా. అడిగితే అత్త ఆరా తీసిందంటావని నోరు కట్టేసుకున్నా." ఆవిడ ఆగి పాప పాదం సర్దింది. "పిల్లని దగ్గరికి రానివ్వకపోవడం కూడా, పౌడరు చెరిగిపోతుందని అనుకున్నా."

కంగారు తల తిప్పి అత్తని చూసింది. "అలా అనుకున్నారా?"

"అనుకున్నానే. ఏం చెయ్యను, నువ్వు చెప్పవు, నేను అడగను."

కంగారుకి కోపం రావాల్సింది. దాని బదులు అత్త బుగ్గకి ఆనుకుని నిద్రపోయే పాప గుర్తొచ్చింది. తను గిన్నెలు కడుగుతున్న ఆ సాయంత్రాలన్నీ, ఈవిడ అవతల గదిలో పాపని జోకొడుతూ, తల్లి ఎత్తుకోదేంటని కుమిలిపోయిందన్నమాట.

"ఇద్దరూ ఇంటికెళ్ళి పోట్లాడుకోండి," అంది డాక్టరమ్మ, చీటీ ముందుకు జరుపుతూ. "పౌడరు మానెయ్. మందు అదే. ముఖం బాగుపడడానికి ఇప్పుడు మొదటి నుంచి లెక్క, అది మాత్రం తప్పదు. మచ్చలు కొన్ని ఉంటాయి, అవీ మెల్లగా పోతాయి."

మచ్చల సంగతి కంగారు వినిపించుకోలేదు. "పాపని ముఖానికి ఆనించుకోవచ్చాండీ?"

"మందు రాసుకుని ఉన్నప్పుడు వద్దు. కడిగేశాక నీ ఇష్టం."

"పొద్దున కడిగేశానండీ. మళ్ళీ కడగనా?"

"అక్కర్లేదు," అని డాక్టరమ్మ చెప్పే లోపలే ఆమె మూలనున్న బేసిన్ దగ్గరికి వెళ్ళిపోయింది. దోసిలి పట్టి ముఖం మీద నీళ్ళు చల్లుకుంది, గడ్డం కింద, చెవుల వెనక, జుట్టు మొదళ్ళ దాకా. నీళ్ళు మోచేతుల మీదుగా కారి నేల తడిసింది. అత్త లేచి తన కొంగు అందించింది. మొటిమల మీద నొప్పి పుట్టకుండా అద్దుకోమంది.

తలుపు తెరుచుకుని, బయట పేర్లు పిలిచే అమ్మాయి లోపలికి తొంగిచూసింది. "మేడమ్, తర్వాతివాళ్ళని పంపనా?"

"ఒక్క నిమిషం ఆగు," అంది డాక్టరమ్మ.

కంగారు పాపని అందుకుంది. బయటికి కాకుండా, తన వైపుకి తిప్పి ఎత్తుకుంది. పాప వెంటనే రాలేదు. వెనక్కి వాలి, కొత్త మనిషిని చూసినట్టు ఆ ఎర్రటి ముఖాన్ని పరీక్షగా చూసింది. చెయ్యి చాచి గడ్డం మీద అన్నిటికంటే పెద్ద మొటిమని వేలితో పొడిచింది. కంగారు పళ్ళు బిగబట్టి కదలకుండా నిలబడింది. అప్పుడు పాప ముందుకు వాలి, సొల్లు కారే నోరు తల్లి బుగ్గకి ఆనించి, చిగుళ్ళతో గట్టిగా పట్టుకుంది.