ఆదివారం వేకువ

"కప్పులు కాస్త నెమ్మదిగా కడుగు రూతీ అమ్మా. ధ్యానంలో ఉన్నాం," అని వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పి, భర్త దార్‌లియానా వచ్చినంత మెల్లగా వరండాలోకి వెళ్ళిపోయాడు.

బియాక్‌మావీ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ధ్యానానికి ముందు టీ కావాలన్నది వరండాలో కూర్చున్న వాళ్ళే. తాగిన కప్పులు మళ్ళీ కావాలి కనుక కడగాల్సింది తను. ధ్యానం అయ్యాక ఇంకో విడత టీ, దాంతో పాటు జిగురు బియ్యం రొట్టెలు. ఈలోగా చప్పుడు కాకూడదు. పింగాణీ కప్పుల్ని చప్పుడు కాకుండా ఎలా కడగాలో ఈ చర్చి పెద్దల్లో ఒక్కరు వచ్చి చూపిస్తే నేర్చుకోవాలని ఉంది ఆమెకి. కూతురు పుట్టినప్పటి నుంచి ఆమె ఈ మిజోరం కొండల్లోని లుంగ్లే ఊరంతటికీ రూతీ అమ్మే. బియాక్‌మావీ అనే పేరు ఇప్పుడు దేవుడికి, రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

ఆ దేవుడితోనే ఆమెకి ఒక పొత్తు ఉండేది. వారంలో ఆరు రోజులూ పొద్దున వంట, తర్వాత సాయంత్రం దాకా దుకాణంలో మగ్గం ముందు నడుం వంచడం, వచ్చాక మళ్ళీ వంట. శనివారం బట్టలుతకడం, నీళ్ళు పట్టడం, ఇల్లు కడగడం, అన్నీ ఆ రోజే తెమలాలి. ఆదివారం ఎవరూ పని చేయకూడదు కదా! కొండ మీద కొట్లన్నీ మూసేస్తారు. గొడ్డలి చప్పుడు వినపడదు. ఆ ఒక్కరోజు ఇంట్లో అందరికన్నా ముందు లేచి, వెనక వరండాలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. లోయలో మంచు పాలు పోసినట్టు నిండి ఉండేది. ఒక్కోసారి బైబిలు తెరిచేది కాదు. ఏమీ అడిగేది కాదు. ఆమెని ఎవరూ ఏమీ అడగని అరగంట అది. ఆ అరగంట తిని ఆమె వారమంతా బతికేది.

రెండు నెలల కిందట దార్‌లియానా చర్చి నుంచి ఉత్సాహంగా వచ్చాడు. పెద్దలందరూ అలిసిపోతున్నారట. కమిటీలు, లెక్కలు, తగువులు. దేవుడి దగ్గర ఊరికే మౌనంగా కూర్చునే వేళ ఉండాలని తీర్మానించారట. ఆదివారం వేకువనే. మనింట్లోనే.

"మనింట్లో ఎందుకు?" అంది ఆమె.

"మన వెనక వరండా ఉందిగా. ఎంత ప్రశాంతంగా ఉంటుందో! నువ్వు అక్కడ కూర్చోవడం చూసే నాకు ఆలోచన వచ్చింది."

ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ ఆమెకి ఒళ్ళు మండుతుంది. తెలియక తీసుకుని ఉంటే క్షమించేదేమో. చూశాడు. తన భార్యకి అక్కడేదో దొరుకుతోందని చూశాడు. చూసి, దాన్ని ఎత్తి మరో ఐదుగురికి పంచిపెట్టి వచ్చాడు.

అత్తగారు మురిసిపోయింది. "దేవుడి మనుషులకి టీ పోసే భాగ్యం ఎందరికి దొరుకుతుందే! నా కాలంలో అయితే పోటీ పడేవాళ్ళం."

వంటింట్లో ప్రార్థించుకుందామనుకుంది బియాక్‌మావీ. అన్నం వండే ముందు చర్చి కోసం పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేసేటప్పుడు కళ్ళు మూసుకుంటే, "చక్కెర ఎక్కడ?" అని వరండాలోంచి కేక. ప్రతి పూటా ఊళ్ళో ఆడవాళ్ళు తీసిపెట్టే ఆ పిడికెళ్ళతోనే చర్చికి ఎన్నో ఖర్చులు గడుస్తాయి. బియ్యం తీసుకోవడానికి తెలిసిన చర్చికి ఆ తీసే చేతులు ఎప్పుడు ఊరుకుంటాయో మాత్రం పట్టలేదు.

పోయిన వారం మధ్యాహ్నం ఆరాధనలో ఆమె నిద్రపోయింది. తల ముందు బెంచీకి కొట్టుకుంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇంటికొచ్చాక దార్‌లియానా గొంతు పెంచలేదు. అతనెప్పుడూ పెంచడు, మంచివాడని ఊళ్ళో పేరు.

"చర్చి పెద్ద భార్య అలా కునికితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు చెప్పు? నా మాట విను. పొద్దున్నే కాసేపు దేవుడి దగ్గర కూర్చో. ఈ మత్తంతా వదిలిపోతుంది."

ఆమె చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని ఆ చేతి నుంచి దించడానికి దేవుడే సాయం చేసి ఉండాలి.

ఇవాళ రెండో విడత టీ తట్టలో పెట్టుకుని వరండాలోకి వెళ్ళేసరికి మౌనం అయిపోయి చదువు మొదలైంది. వాళ్ళలో వయసులో పెద్దవాడు ఛాల్‌థాంగా విశ్రాంతి దినం ఆజ్ఞ చదువుతున్నాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేది ఆమె. అప్పజెప్పిందే గాని, వినలేదు. ఇవాళ తట్ట పట్టుకుని నిలబడి విన్నది.

"తాతా, ఇంకొక్కసారి చదవండి. ఎవరెవరు పని చేయకూడదు?"

ఛాల్‌థాంగా సంతోషంగా తల పైకెత్తాడు. "నువ్వు. నీ కొడుకు, నీ కూతురు. నీ దాసుడు, నీ దాసి. నీ పశువులు. నీ దగ్గరున్న పరాయివాడు."

"భార్య ఏదీ?"

ఒకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఛాల్‌థాంగా పేజీ మీద వేలు పెట్టి వెతికాడు, అంతకుముందు చూసినప్పుడు జారిపోయిందేమో అన్నట్టు.

"దాసికి ఉంది. గొడ్డుకి కూడా ఉంది," అంది ఆమె. "ఈ ఇంట్లో గొడ్డుకన్నా కిందివాళ్ళు ఎవరా అని ఇన్నాళ్ళూ తెలియలేదు."

"మీ ఇంటావిడని లాయరు చదువు చదివించాల్సిందోయ్!" అని ఎవరో నవ్వబోయారు. ఆ నవ్వుకి తోడు దొరకలేదు.

దార్‌లియానా చెవులు ఎర్రబడ్డాయి. "అదేం ప్రశ్న రూతీ అమ్మా? భార్యాభర్తలు ఒకే శరీరం. భర్తకి చెప్తే భార్యకి చెప్పినట్టే. వేరే రాయక్కర్లేదు."

"అంతేనా?"

"అంతే మరి."

"మీరందరూ అంతేనంటారా?"

పెద్దలందరూ తలలూపారు. గండం గడిచినందుకు వాళ్ళకి హాయిగా ఉంది. చేతులు టీ కోసం ముందుకొచ్చాయి.

"అయితే నాకూ చెప్పాడు," అంది బియాక్‌మావీ.

తట్టని నేల మీద పెట్టింది. ఎవరి చేతికీ ఏమీ అందించలేదు. బల్ల చివర కూర్చున్న భర్తని చూసి, "కొంచెం జరుగు," అంది. అతను ఏమీ అర్థం కాకుండానే జరిగాడు. ఆమె కూర్చుని, నడుముకి చుట్టుకున్న పువాన్ అంచు మోకాళ్ళ మీదికి సర్దుకుని, కళ్ళు మూసుకుంది.

మొదట దేవుడికి స్తోత్రం చెప్పాలి. అలవాటైన మాటలు వచ్చాయి గాని ఆమె వాటిని పక్కకి నెట్టింది. ప్రభువా, నాకు కోపంగా ఉంది, అంది లోపల. వీళ్ళ మీద. మా ఆయన మీద. మా అత్త మీద. ఇన్నేళ్ళూ నోరెత్తని నా మీద. నా పేరు రాయించని నీ మీద కూడా. ఇన్నాళ్ళ ప్రార్థనల్లో ఆమె ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. చెబుతుంటే భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

లోపలి నుంచి మాడు వాసన వచ్చింది. పంది మాంసం కూరో, అన్నమో.

"రూతీ అమ్మా," అన్నాడు దార్‌లియానా గుసగుసగా. కాసేపాగి, "ఏదో మాడుతోంది," అన్నాడు.

బల్ల కిర్రుమంది. ఎవరో లేవబోయి, వంటిల్లు ఎటో తెలియక మళ్ళీ కూర్చున్నారు. అత్తగారు లోపలి నుంచి కేకేసింది. పొగ వరండా దాకా వచ్చింది. ఎవరో దగ్గారు.

బియాక్‌మావీకి అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఆమె లేవలేదు. లేవమని దేవుడూ అనలేదు.