ముఖ్యాతిథి రాకమునుపటి పరుగు

వైశాఖమాసమున పెన్నానది యిసుకతిన్నెలు రాత్రి గ్రోలిన చల్లదనమును తెల్లవాఱకమునుపే విడిచిపెట్టుచుండ తూర్పుకొండల వెనుక నింకను మొగము చూపని సూర్యుడు తన రాకకు ముందుగా రాగిచాయను మబ్బుతునుకలపై పూయుచుండ ఆ పట్టణపు క్రీడాప్రాంగణమున నీటిజల్లుచే దుమ్మణగిన యెఱ్ఱమట్టి పరుగుబాట తెల్లని సున్నపుగీతలతో పెండ్లికి ముస్తాబైన వాకిలివలె శోభిల్లుచుండెను. ఆ బాట యంచున చెప్పులు చేతబట్టుకొని మట్టి పదునును అరికాలితో నెఱుగుచు మెల్లగా నడచుచున్నవాడు ఓబులేసు.

అతడు పల్లెబడిలో అక్షరములు దిద్ది కళాశాలలో పరుగుల శిక్షకుడై కణతలు నెఱయువఱకు పిల్లలను పరుగెత్తించినవాడు. మాటకు పొదుపరి, చూపునకు దాత. పరుగెత్తెడివాని మడమ నేలను తాకిన చప్పుడు విని యా పూట వాడు సంకటి తిని వచ్చెనో పస్తుతో వచ్చెనో చెప్పగలడని విద్యార్థులు వేడుకగా ననుకొనుచుందురు. అట్టివాడు శిక్షకత్వమును విడిచి రాష్ట్ర అథ్లెటిక్ సంఘమునకు కార్యదర్శి యగుటకు కారణ మొక్కటియే. ముఖ్యాతిథి విచ్చేసి జెండా యూపి పావురముల నెగురవేసిన గాని తొలిపరుగు మొదలుకారాదను నాచారము ఆ సంఘము జరుపు పోటీలయందు చిరకాలముగా వేళ్లూనియుండెను. అతిథియో పొద్దెక్కిన గాని రాడు. వేకువనే యొడలు కాచుకొని సిద్ధముగా నిలిచిన పిల్లలు నిలిచినచోటనే వాడి మిట్టమధ్యాహ్నమున పరుగెత్తి సొమ్మసిల్లుటయు శిక్షకులు వారిని భుజములపై మోసికొనిపోవుటయు నేటేట జరుగుచుండెను. పరుగుబాట చుట్టు కట్టిన తాటి కావల నిలిచినవాని కేక తాడు దాటదని గ్రహించిన ఓబులేసు తాటి కీవలకు వచ్చుటకే యా పదవిని స్వీకరించెను.

అతని యాధ్వర్యమున జరుగు తొలి పోటీలవి. బాలికల ఐదువేల మీటర్ల పరుగుతో నవి యారంభము కావలసియుండెను. అందు ప్రథమురాలిగా వచ్చిన పిల్లకే జాతీయపోటీలకు పోవు భాగ్యము. బరిలో నున్నవారిలో సుంకులమ్మ ఓబులేసునకు కళాశాలయందు కట్టకడపటి శిష్యురాలు. నాపరాతి గనుల చెంత పుట్టి తల్లితోపాటు బండలు మోసి యా పని ముగిసినపిదప మండుటెండలోనే పరుగు నేర్చినది. ఎండ యెంత ముదిరిన నామె కాలు నంత సాగును. ఆమెకు సాటి రాగలది పాంగి చిలకమ్మ యొక్కతె. పాడేరు మన్యమున మంచులో పెరిగినది. చల్లనివేళ నామె పరుగు లేడికి తోబుట్టువు.

పొద్దు పొడిచి నియమితవేళ యాసన్నమగుచుండ సంఘాధ్యక్షుడును నూనెమిల్లు యజమానియు నగు వీరశేఖరప్ప కండువా యెగుర పరుగుపరుగున వచ్చెను.

“ఓబులేసూ, ఆగప్పా! మంత్రిగారు ఇంగా స్నానం చేస్తాండారంట.”

“ఎంతసేపు చేస్తాడన్నా?”

“మంత్రి స్నానానికి లెక్కుంటుందా? ఆయనొచ్చి జెండా ఊపినాకనే పరుగు. సింథటిక్ ట్రాక్ మంజూరు సంతకం ఆయన చేతిలో ఉండాది. ఆయనకు కోపమొస్తే ట్రాకూ పోతాది, నువ్వూ పోతావు. ఇంగా కుర్చీ వెచ్చగా కూడా కాలేదు నీకు!”

ఆ మాటలు చెవినిబడిన సుంకులమ్మ చిన్నగా పరుగుదీయుచు తాటియొద్దకు వచ్చెను.

“ఆగమంటాండారు కదా సార్, ఆగండి. ఎండెక్కనీండి. ఆ మన్యం పిల్ల వాడిపోతాది. నన్ను పట్టేది ఎవురి వల్లా కాదు.”

“అది నాకు తెలుసు లేమ్మా.”

“తెలిసీ ఆలోచిస్తాండారా?” అని యామె నవ్వెను.

ఓబులేసు మనసున లెక్క వేసికొనెను. ఆగినచో మంత్రి ప్రసన్నుడగును, అధ్యక్షుడు సంతసించును, తన చేతిలో పెరిగిన బిడ్డ గెలుచును; ఆచారమే యది గావున తన్ను వేలెత్తి చూపువా డొక్కడు నుండడు. అందులకై తాను చేయవలసినది మౌనము వహించుట మాత్రమే. జన్మమంతయు నలవడిన మౌన మా క్షణమున నెంత సుకరమో యంత నీచముగ నతనికి తోచెను. అతడు తలయెత్తి బరివంక చూచెను. కోస్తాపిల్ల యొకతె డొక్కలో పోటు వచ్చునను భయమున నీరు ముట్టక యెండిన పెదవులను నాలుకతో తడుపుకొనుచుండెను. చిలకమ్మ జెండాకఱ్ఱ యొక్క సన్నని నీడలో నిలిచి యా నీడ కుఱుచయగుకొలది తానును జరుగుచుండెను.

“శేఖరన్నా, పిల్లోళ్లు వేళకొచ్చినారు. వేళకే పరిగెత్తుతారు” అని యతడు పిస్తోలు పట్టినవానివైపు తిరిగి “ఎత్తప్పా” యనెను.

అధ్యక్షుడు నోరు తెఱచునంతలో పిస్తోలు ప్రేలెను.

గుంపుగా బయలుదేరిన బాలికలు చుట్టుచుట్టునకు పూసలదండవలె సాగి తెగి చెదరుచుండ సుంకులమ్మ యందఱకంటె ముందై కడపటిచుట్టువఱకు నాధిపత్యము నెఱపెను. అప్పుడు వెనుకనుండి చిలకమ్మ లోయనుండి లేచు మంచువలె చప్పుడు లేక కదలివచ్చెను. అలసట కలిగినపు డెల్ల భుజములు చెవులదాక బిగించుట సుంకులమ్మ లోపము. “చేతులు దించు” అను కేక యొక్కటి చాలును. ఆ కేక వినియే యామె యెన్నియో పరుగులు గెలిచినది. అది ఓబులేసు గొంతుకలో నెగిరెగిరి పడెను. పరుగుబాటలోపల నిలిచిన కార్యదర్శి యొక బిడ్డ పేర కేక వేసిన తక్కిన బిడ్డలకు దిక్కెవరని యతడు దాని నచ్చటనే మ్రింగెను. చిలకమ్మ ఱొమ్ము ముందుగా గమ్యమున కట్టిన నూలును తాకెను.

ఊపిరి కుదుటబడినంతనే సుంకులమ్మ నేరుగా నతనియొద్దకు వచ్చెను. కన్నులు జేవురించియుండెను.

“ఎండెక్కింటే నేనే గెలిచేదాన్ని.”

“అవునమ్మా. నువ్వే.”

“మరెందుకు సార్?”

“గెలిచేదానివి నువ్వొక్కదానివే. పడేటోళ్లు ఎంతమందో.”

ఆమె ముక్కు చీదుకొని “సరే. చలిలో పరిగెత్తేది కూడా నేర్చుకుంటా. మీరు నేర్పకపోయినా సరే, వచ్చే ఏడు ఆయమ్మిని మంచులోనే పట్టేస్తా” అని వెడలిపోయెను. ఓబులేసు మొగమున నంతవఱకు లేని వెలుగు గానవచ్చెను.

పొద్దు నడినెత్తికి వచ్చుచుండ మంత్రివర్యుని కారు దుమ్ము రేపుచు వచ్చెను. వీరశేఖరప్ప పూలదండతో నెదురేగి దండనే పిసుకుచుండెను.

“ఏం, పరుగు అయిపోయిందా?” అని మంత్రి కనుబొమలు ముడిచెను.

“అయిపోయిందయ్యా. గెలిచిన పిల్ల నీడన కూచోనుండాది. మీ చేత్తో పతకమేస్తే మురిసిపోతాది” అని ఓబులేసు తొట్రుపాటు లేక పలికెను.

మంత్రి యతనిని తేఱిపాఱ చూచెను. కారునుండి షామియానావఱకు నడచునంతలోనే యాతని మెడపై చెమట కాలువలు కట్టెను. “ఈ ఎండలో నడిచేదే కష్టంగా ఉంది కదయ్యా” అని గొణుగుచు రుమాలు తీసెను. సంతకము సంగతి యా దినమున తేలలేదు. ఓబులేసు కుర్చీ సంగతియు తేలలేదు. అతడు మాత్రము మఱుసటి పోటీలకు వేకువవేళనే నిర్ణయించెదనని యధ్యక్షునితో చెప్పి తన పనికి పోయెను.

తనవారి గెలుపు కోరుట శిక్షకునకు ధర్మము. ఎల్లవారి క్షేమము కోరుట యధికారికి ధర్మము. మొదటిదానిని ప్రాణముతో సమముగా ప్రేమించినవానికే రెండవదాని వెల తెలియును.

నడిమధ్యాహ్నమున సూర్యుడు సర్వబలముతో క్రీడాప్రాంగణముపై విరుచుకొనిపడెను. షామియానా నీడలో పుచ్చకాయముక్కలు కొఱుకుచు బాలికలు ఒకరిపై నొకరు గింజలు విసరుకొని కేరుచుండిరి. ఆవల ఎఱ్ఱని పరుగుబాట నిప్పులకుంపటియై యొంటరిగా కాలుచుండెను. దానిపై నొక్క పాదమును లేదు.