మిరపకాయలు మాడ్చని రోజు

రజాకార్ల రోజుల్లో దేవకృప మలాము కాచిన ప్రతిసారీ పక్క పొయ్యి మీద ఎండు మిరపకాయలు మాడ్చేది. గాయపాకు పసరు, వేపనూనె, గుగ్గిలం, తేనెమైనం కలిసి ఉడికితే వచ్చే వాసన సీతాఫల్‌మండిలో ఆ వీధి చివరిదాకా పోతుంది. ఆ మలాము నిలవకు ఆగదు. ఇంట్లో గాయం ఉన్నప్పుడే కాచాలి. కనుక వాసన వచ్చిందంటే లోపల గాయపడ్డ మనిషి ఉన్నట్టే లెక్క. మిరప ఘాటుకు వీధి వీధంతా దగ్గేది, ఆమెను తిట్టేది, మరే వాసనా పసిగట్టేది కాదు.

ఆ ఘాటుకు అందరికంటే ఎక్కువ దగ్గినవాడు సదాశివ. మిషన్ బడిలో ఆమె దగ్గర చదువుకున్నవాడే. కాంగ్రెసు జెండా పట్టినందుకు తొడలో తూటా దిగి, చీముపట్టిన కాలితో ఆమె వెనక గదిలో దాగి ఉన్నాడు. "తూటాకు సావలే గని, నీ మిరపకాయలకు సస్త టీచరమ్మా" అనేవాడు. ఎవరు కాల్చారనిగాని, ఎందుకనిగాని ఆమె అడగలేదు. మలాము కాచడం నేర్పుతూ అత్తగారు పెట్టిన షరతు అది: గాయాన్ని కడగాలి, గాయపడ్డవాణ్ణి విచారించరాదు.

పోలీసు చర్య ముగిసింది. సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చింది, జనం పూలు చల్లారు. ఆ పూలు వాడకముందే టాంగా తోలే గఫూర్‌ను అతని తల్లి ఆమె గుమ్మంలోకి తెచ్చింది. భుజం మీద కత్తిపోటు, పుండై ఉబ్బింది. ఆస్పత్రికి పోతే పట్టుకుపోతారని తల్లి భయం. దేవకృప అతన్ని అదే గదిలో, అదే మంచం మీద పడుకోబెట్టి పొయ్యి ముట్టించింది. మిరపకాయల జోలికి పోలేదు. భయపడే కాలం పోయిందనుకొని, కిటికీ తెరిచి మరీ కాచింది.

కాలు మాని ఇంటికి పోయిన సదాశివ, మిఠాయి పొట్లంతో వచ్చి గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరికి టీచరమ్మా, మలాం?"

మరెవరు అడిగినా ఆమె అబద్ధం చెప్పేది. "గఫూర్‌కు," అంది. "నువ్వు పండిన మంచంలనే ఉన్నడు. జెర ధైర్యం చెప్పు, పరేషాన్ అయితున్నడు."

అతను లోపలికి పోయి ధైర్యం చెప్పాడు. మిఠాయి కూడా తినిపించాడు. మర్నాడు పొద్దున పోలీసులను వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఏందీ సదాశివా, ఇది?"

"వాడు రజాకారు, టీచరమ్మా."

"నేనడగలే. నిన్ను సుత అడగలే."

"వాడు, నేను ఒకటేనా? నేను దేశం కోసం పడ్డ."

"నీ చీము సుత గిట్లనే కంపు కొట్టింది."

పోలీసుల్లో ఒకడు నవ్వు ఆపుకున్నాడు. సదాశివ ముఖం ఎర్రబడింది. "నన్ను దాచిన సంగతి ఎవరికీ చెప్పనన్న, చెప్పలే. వీని సంగతి చెప్పనని ఎప్పుడు మాటిచ్చిన?"

గఫూర్‌ను నడిపించుకుపోయారు. పుండు ఇంకా మూతపడలేదు. కట్టు మార్చకపోతే చెయ్యి పోతుంది, ప్రాణానికీ భరోసా లేదు. దేవకృప మలాము డబ్బీ పట్టుకొని ఠాణా దాకా వెనకే నడిచింది. గేటు దగ్గర ఆమెను ఆపారు. సదాశివను ఆపలేదు, కొత్త ఏలుబడిలో అతనికి తెరుచుకోని తలుపు లేదు.

"ఇటియ్యి, నేను కడత," అన్నాడతను, నేలచూపులు చూస్తూ.

ఆ చేతిలో పెట్టడంకంటే డబ్బీని మోరీలో పారెయ్యడం ఆమెకు సులువు. కాని మోరీకి కట్టుకట్టడం రాదు. ఇచ్చింది.

"ఎట్ల కడతవో చెప్పు," అంది, తరగతిలో పాఠం అడిగినట్టు.

"వేపాకేసి మరగబెట్టిన నీళ్లతోని కడగాలె. చీము పిండొద్దు, గుడ్డతోని అద్దాలె. మలాం గుడ్డకు పుయ్యాలె, పుండుకు కాదు. కట్టు బిగియ్యొద్దు. కడుతున్నంత సేపు నొప్పి యాదికి రాకుండ మనిషితోని మాట్లాడాలె."

ఒక్క తప్పు లేదు. ఆ మంచం మీద పడి ఉన్నన్నాళ్లూ ఆమె చేసిన ప్రతి పనినీ అతను శ్రద్ధగా గమనించాడన్నమాట. ఏదీ మరవలేదు. ఏదీ మరవకుండానే పోలీసులను తెచ్చాడు.

"పో," అంది దేవకృప. "ముందు నీళ్లు మరగబెట్టు."